వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోందా? ఇంజిన్ విప్పే ముందు ఇవి చూడండి

లక్షల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ లారీలో ఆయిల్ లైటు వెలిగితే ముందు ఇంజిన్ ఆపేయండి. క్రాంకుషాఫ్టుకీ దాన్ని మోసే బేరింగుకీ మధ్య ఆయిల్ పొర తెగితే షాఫ్టు పాడవడానికి ఎంతోసేపు పట్టదు. లోపల టకటకమని కొట్టుకుంటుంటే మళ్లీ స్టార్ట్ చేయకండి.

శబ్దం లేకపోతే డిప్‌స్టిక్ తీయండి. లెవెల్ తగ్గితే ఆయిల్ పోసి, ఎక్కడ కారుతోందో వెతకండి. లెవెల్ పెరిగి డీజిల్ వాసన వస్తే ఇంధనం కలిసి ఆయిల్ పలచబడినట్టే. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, ఫ్యూయల్ పంపు సీలు పోయి ఉండొచ్చు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండిలో రీజెనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) మాటిమాటికీ మధ్యలో ఆగిపోయినా ఇలాగే అవుతుంది. కారణాన్ని సరిచేయకుండా ఆయిల్ ఒక్కటే మారిస్తే సమస్య మళ్లీ వస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే కూలెంట్ కలిసింది, బండి నడపొద్దు.

ఇక ప్రెషర్ నిజంగా తగ్గిందా లేదా తేల్చుకోవాలి. సెన్సార్ విప్పి అదే చోట మెకానికల్ గేజ్ బిగించండి. చల్లగా ఉన్నప్పుడూ, బాగా వేడెక్కాకా, ఐడిలింగ్‌లోనూ, రేజ్ చేసీ రీడింగులు రాసుకోండి. ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్ఐ అన్నది మెకానిక్‌ల లెక్క, కానీ చివరికి నమ్మాల్సింది ఆ ఇంజిన్ మాన్యువల్‌లోని అంకెనే. గేజ్ సరిగ్గా చూపిస్తే తప్పు సెన్సార్‌దో వైరింగ్‌దో.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిలింగ్‌లో పడిపోయి, రేజ్ చేస్తే లేస్తోందా? పాత ఇంజిన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. సరైన గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి మళ్లీ చూడండి. మారకపోతే పాత ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పండి. మెరిసే రేకులుంటే బేరింగులు అరుగుతున్నాయి, రాగి రంగు కనిపిస్తే పైపొర పోయిందన్నమాట. అప్పుడు ఆయిల్ చాంబర్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) దించి, ప్లాస్టిగేజ్ అనే సందు కొలిచే మెత్తని ప్లాస్టిక్ దారంతో మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగుల క్లియరెన్స్ కొలవండి. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) నున్నగా, కొలతలో ఉంటే బేరింగులు మారిస్తే చాలు. గీతలు పడితే క్రాంకు గ్రైండింగే.

చల్లగా ఉన్నప్పుడూ తక్కువేనా? మొదట రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ను వదిలేసేది) విప్పండి, చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండొచ్చు, స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు. తర్వాతే పంపు. గేజ్ ముల్లు వణుకుతుంటే, లెవెల్ సరిగ్గానే ఉంటే, సక్షన్ పైపు ఓరింగ్ గట్టిపడి గాలి పీలుస్తోందేమో చూడండి. ఆర్‌పీఎం పెంచేకొద్దీ ప్రెషర్ తగ్గుతోందంటే స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చే చోటి జాలీ) మూసుకుపోయిందని నా మొదటి అనుమానం.

మందపు ఆయిల్ పోసి ముల్లును పైకి లేపడం మాత్రం వద్దు. అరిగిన సందు అలాగే ఉంటుంది. పైగా చల్లని స్టార్టింగ్‌లో పైన రాకర్ల దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది.

పని అయ్యాక ఫ్యూయల్ కట్ చేసి, గేజ్‌లో ప్రెషర్ కనిపించేదాకా ఆపి ఆపి సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి. బాగా వేడెక్కాక మళ్లీ రీడింగ్ తీసి, మొదట రాసుకున్న అంకెల పక్కనే రాయండి.