హాఫ్ మారథాన్‌కు ముందు కాలి ఎముక నొప్పి: నాకెలా తగ్గిందంటే

హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21.1 కిలోమీటర్లకి, పేరిచ్చాక పట్టుకుంది ఈ నొప్పి. మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచు వెంబడి వేలితో నొక్కితే ప్రాణం పోయేది. పరుగు మొదట్లో సలుపు, ఒళ్లు వేడెక్కాక తగ్గేది, మర్నాడు మంచం దిగుతుంటే మళ్లీ మొదలు. దీన్నే షిన్ స్ప్లింట్స్ అంటారు. కొత్తగా పరిగెత్తేవాళ్లకి చాలా మామూలు. నొప్పి ఒకే చోట చుక్కలా ఉండి, కూర్చున్నా తగ్గకపోతే మాత్రం ఎముకలో సన్నని చీలిక కావచ్చు, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాల్సిందే.

నాకు బాగా పనిచేసింది మెట్టు వ్యాయామం. మెట్టు అంచున ముందుపాదాలు ఆనించి, మడమలు పైకి లేపి, ఒకటి నుంచి మూడు దాకా లెక్కపెడుతూ మెల్లగా దించాలి. మోకాళ్లు నిటారుగా ఉంచి కొన్నిసార్లు, కాస్త వంచి కొన్నిసార్లు. వంచినప్పుడే లోపలి పిక్క కండరం సోలియస్‌కి అసలు పని పడుతుంది. పరుగులో అడుగు పడ్డప్పుడు కాలి ఎముక మీద పడే బరువును తట్టుకునేది ఎక్కువగా అదే.

అంగలు చిన్నవి చేశాను, ముఖ్యంగా ఫ్లైఓవర్ దిగేటప్పుడు. మధ్యమధ్య నడిచాను కూడా. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే ఈ పద్ధతినే ప్రచారం చేశారు, నడకంటే నామోషీ అక్కర్లేదు.

రేసు రోజు ఆగస్టు ఉక్కకి ఒళ్లంతా తడిసి ముద్దయింది, చివర్లో తొడలు పట్టేశాయి. ఆ ఎముక మాత్రం కిమ్మనలేదు.