యాసంగి కోతలకు ముందు: ట్రాక్టర్‌కు ఏ హీట్ సెన్సార్ పెట్టించాలి?

ఏప్రిల్‌లో యాసంగి వరికోతలు ఊపందుకుంటాయి. హార్వెస్టర్లు, గడ్డి కట్టే బేలర్లు, వడ్లు మోసే ట్రాక్టర్లు ఎండ నలభై దాటినా ఆగవు. ఇంజన్ హీటెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని మీది హెడ్డుకూ మధ్య ఉండే సీలు) పోయిందని షెడ్డుకొచ్చే డ్రైవర్లు చాలామంది ఒకే మాట చెబుతారు: “అన్నా, మీటర్‌లో ముల్లు ఎర్రగీత దాకా పోనే లేదు.” వాళ్ల మాట నిజమే కావచ్చు.

మీటర్‌కు తీగ వెళ్లే సెన్సార్ సాధారణంగా థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) దగ్గర, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లో మునిగి ఉంటుంది. తనను తాకుతున్న కూలెంట్ ఎంత వేడిగా ఉందో అంతే చెబుతుంది. హోస్ పైపు పగిలో, క్లిప్పు వదులయ్యో కూలెంట్ కారిపోతే దాని చుట్టూ గాలీ ఆవిరీ మిగులుతాయి. గాలి నీళ్లంత బాగా వేడిని అందించదు. లోపల హెడ్డు కాలిపోతున్నా ముల్లు పైకి లేవదు, ఒక్కోసారి కిందికి దిగుతుంది కూడా. అందుకే ఈ సీజన్‌కు ఒక్కటే పెట్టించగలిగితే కూలెంట్ మట్టం చూసే లెవెల్ సెన్సార్ పెట్టించండి. హీట్ సెన్సార్ ఆ తర్వాతే.

లెవెల్ సెన్సార్‌ను పక్కనున్న ఓవర్‌ఫ్లో బాటిల్‌లో పెట్టించొద్దు. పని సులువని కొందరు అక్కడే బిగిస్తారు. రేడియేటర్ ఖాళీ అయినా ఆ బాటిల్ నిండుగానే ఉండొచ్చు. రేడియేటర్ పై ట్యాంకులో, ట్యూబులు మొదలయ్యే చోటుకు పైన ఉండాలి. రాడ్ రకం సెన్సార్ కూలెంట్ గుండా ఎర్త్‌కు (బండి లోహపు బాడీకి) వెళ్లే కరెంటును బట్టి పనిచేస్తుంది. పై ట్యాంకు ప్లాస్టిక్‌దైతే దానికి విడిగా ఎర్త్ ఏర్పాటు కావాలి, లేదంటే ఫ్లోట్ రకం తీసుకోండి.

ఇక హీట్ సెన్సార్. షాపులో రెండు రకాలు దొరుకుతాయి. మీటర్ ముల్లును నడిపేది ఒకటి: వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. అది మీ మీటర్‌కు జతైనదే కావాలి. థ్రెడ్డు సరిపోయిందని వేరే బండిది బిగిస్తే ముల్లు తప్పు చూపిస్తుంది. రెండోది స్విచ్ రకం, ఫలానా డిగ్రీలకు చేరగానే బజర్ మోగిస్తుంది. థర్మోస్టాట్ చాలా ఇంజన్లలో 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది, లోడు మీద 95 దాకా పోవడం మామూలే. కాబట్టి కంపెనీ పుస్తకంలో వేరే అంకె లేకపోతే 105 దగ్గర మోగేది తీసుకోండి.

ఇక్కడే ఒక చిక్కుంది. రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు అరిగిపోయి, లోపల ఒట్టి బోరు నీళ్లుంటే 100 దగ్గరే మరిగిపోతాయి. 105కు చేరేదే లేదు, స్విచ్ మోగేదీ లేదు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే ఒత్తిడి లేకున్నా మరిగేది 107 దాటాకే. సెన్సార్ కొనేముందు మూత మార్చి, బోరు నీళ్లు తీసేయించాలి. బోరు నీళ్లతో లైనర్ల (పిస్టన్లు కదిలే గొట్టాల) చుట్టూ సున్నపు పొర పేరుకుంటుంది కూడా. కూలెంట్‌ను రంగు చూసి కొనొద్దు, రంగుకు ప్రమాణమేదీ లేదు. డబ్బా మీద ఐఎస్ 5759 (కూలెంట్‌కు భారత ప్రమాణం) ఉందో లేదో, మీ ఇంజన్ కంపెనీ చెప్పిన రకమో కాదో చూడండి. రెడీమిక్స్‌లో (ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్‌లో) మళ్లీ నీళ్లు కలపొద్దు. కూలెంట్ రుచికి తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ అందనీయొద్దు.

బిగించేటప్పుడు ఒక్క తీగ ఉన్న సెన్సార్‌కు ఎర్త్ దాని థ్రెడ్డు నుంచే అందుతుంది. టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ తెగి మీటర్ తప్పు చూపిస్తుంది. లారీ నుంచి తీసిన 24 వోల్టుల బజర్‌ను 12 వోల్టుల ట్రాక్టర్‌కు పెట్టొద్దు. బిగించాక తాళం తిప్పి, స్విచ్ తీగను కాసేపు బాడీకి తాకించండి. బజర్ మోగితే తీగ, ఫ్యూజు బాగున్నట్టే. ఆ మోత రోటవేటర్ చప్పుడులోనూ డ్రైవర్ చెవికి వినబడాలి, అందుకే పందిరి కింద తల దగ్గర పెట్టించండి.

రెండు సెన్సార్లకూ వేర్వేరు మోతలు పెట్టించడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే చేయాల్సిన పని వేరు. హీట్ బజర్ మోగి లెవెల్ బాగుంటే లోడు తీసేసి, రెండు మూడు నిమిషాలు స్లోలో నడవనిచ్చి, ఆ తర్వాత ఆపి రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న పొట్టు దులపాలి. లెవెల్ బజర్ మోగితే మాత్రం బండి పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి. మూత మీద చెయ్యి పెట్టొద్దు, చల్లటి నీళ్లు పొయ్యొద్దు. వేడి హెడ్డు మీద చల్లనీళ్లు పడితే పగిలేది అప్పుడే.

దానంతట అదే ఇంజన్ ఆపేసే పరికరాలూ ఉన్నాయి. చేను గట్టున ఒక్కచోట నడిచే డీజిల్ పంపుసెట్టుకు, జనరేటర్‌కు అవి మంచివి. వడ్ల ట్రాలీతో రోడ్డెక్కే ట్రాక్టర్‌కు పెట్టించొద్దు. పవర్ స్టీరింగ్ ఉన్న బండి వంపులో ఉన్నట్టుండి ఆగితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది.