పోటీ గెలిచిన జానపద గాయని తొలి ఆల్బమ్‌ను సిద్ధం చేసుకోవడం ఎలా

ఒడిశాలోని మన పర్లాకిమిడిలో గాని గుణుపురంలో గాని, టీవీ పాటల పోటీ గెలిచి వచ్చిన అమ్మాయి ఇంటికి మొదటి వారం శాలువాలు వస్తాయి, రెండో వారం నుంచి ఆల్బమ్ చేద్దామంటూ ఫోన్లు వస్తాయి. ఆ ఫోన్లకు వెంటనే మాట ఇవ్వకండి. అమెరికా కంట్రీ గాయని క్యారీ అండర్‌వుడ్ 2005 మే నెలలో అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ గెలిచి నవంబరుకల్లా తొలి ఆల్బమ్ తెచ్చారు; 2011 మేలో అదే పోటీ గెలిచిన స్కాటీ మెక్‌క్రీరీ ఆల్బమ్ అక్టోబరులో విడుదలై, అమెరికా ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానంతోనే అడుగుపెట్టింది. అంత తొందరగా పని పూర్తి కావడానికి వాళ్ల వెనుక పెద్ద సంస్థలు నిలబడ్డాయి. మనకు ఆ బలగం లేదు కనుక ఏడాది పట్టినా నష్టం లేదని నా అభిప్రాయం.

ముందుగా, పోటీకి వెళ్లేటప్పుడు చానల్‌కు సంతకం చేసి ఇచ్చిన ఒప్పందాన్ని వకీలు చేత చదివించి, మీ తదుపరి రికార్డింగుల మీద వారికి హక్కు రాసిచ్చారేమో తెలుసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండనివారి ఒప్పందం మన చట్టం ముందు చెల్లదు. కొత్త ఒప్పందంలో ఎంతకాలం, ఎంత ప్రాంతం అన్నవి వెతకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. మా మేనకోడలి ఒప్పందంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు మూడో పేజీ అడుగున ఉన్నాయి, మేము వాటిని చూసింది సంతకం అయ్యాకే. ఆ బాధ మరొకరికి రాకూడదు. 2012 సవరణతో గాయకులకూ రాయల్టీ హక్కు వచ్చింది కాబట్టి ఆ వాటా ఎంతో పత్రంలో రాయించుకోండి.

పోటీలో చప్పట్లు తెచ్చిన సినిమా పాటల హక్కులు వేరేవారివి, వాటిని పక్కన పెట్టండి. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాట ఎవరి సొత్తూ కాదు, అయినా ఏ ఊళ్లో ఎవరి నోట విన్నారో ఆల్బమ్ వివరాల్లో రాయండి. సవర గిరిజనుల పాట అయితే ఆ ఊరి పెద్దలను అడిగి తీసుకోండి. యాస విషయంలో మాత్రం పట్టుదల అవసరం. న్యాయనిర్ణేతల కోసం ‘ఏటి’ని ‘ఏమిటి’గా మార్చుకున్న అలవాటును ఇంటి పాటలోకి తేకండి. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడింది, సవర భాష నేర్చుకున్నది ఈ పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే కదా.

రికార్డింగ్‌కు ఖరీదైన స్టూడియో కంటే నిశ్శబ్దమైన గది ముఖ్యం. మేము గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, మేనకోడలిని జముకు అనే జానపద వాద్యం వాయించే పెద్దాయనకు ఎదురుగా కూర్చోబెట్టాము. మొదటిసారి పాడినప్పుడు ప్రతి దెబ్బకూ గాజుల చప్పుడు పడింది. గాజులు తీయిస్తే ఆమె తాళం తడబడింది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి ఆ చప్పుడే ఆమెకు లెక్క. చివరికి గాజుల మీద తడిగుడ్డ చుట్టి పాడించాము, పాట కుదిరింది. అందుకే హెడ్‌ఫోన్లలో తాళం కోసం టిక్ టిక్ మనే క్లిక్ వినిపిస్తూ ఒక్కొక్కరిని విడివిడిగా రికార్డు చేయకుండా, గాయనినీ వాద్యకారులనూ కలిపి కూర్చోబెట్టమని చెబుతాను. గంటసేపు పాడిన తరువాత కూడా పైస్థాయి సులువుగా అందేలా శ్రుతిని నిర్ణయించుకోండి. ధ్వనిని నాణ్యత తగ్గని 24 బిట్ల వేవ్ (WAV) ఫైలుగా దాచుకోండి.

విడుదలకు కనీసం నాలుగు వారాల ముందు పాటలను, వాటిని ఆన్‌లైన్ సంగీత యాప్‌లకు చేర్చే పంపిణీదారుకు అందజేయండి. ప్రతి పాటకూ ఆ రికార్డింగును గుర్తించే, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య వచ్చిందో లేదో చూసుకోండి. మీ పేరును తెలుగు, ఒడియా, ఇంగ్లీషు లిపుల్లో ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్నే అందరికీ పంపండి. అక్షరం తేడా వచ్చినా యాప్‌లో మీ రెండో పాట మరొకరి పేజీలో చేరిపోవచ్చు.