హుక్ జారుతోందా, తాడు బిగుసుకుంటోందా? చెట్టెక్కే పనిలో వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

ముందు ఒక్క మాట చెప్పి మొదలుపెడతా, ఎందుకంటే హుక్‌తో వచ్చే ఇబ్బందుల్లో సగం ఇది తెలియకే వస్తాయి. గ్రాపుల్ హుక్ అనేది దూరంగా ఉన్న కొమ్మని అందుకోడానికి, తాడుని దగ్గరికి లాక్కోడానికి, ఒక కొమ్మ మీంచి పక్క కొమ్మకి జరగడానికి సాయం చేసే వస్తువు, అంతే గానీ మన ప్రాణం వేలాడదీసే చోటు కాదు. బావిలో బకెట్ పడితే గేలం వేసి తీస్తాం, ఆ గేలానికి మనిషిని కట్టి దించం కదా, ఇదీ అంతే. మనిషి బరువు మోసేది ఎప్పుడూ గట్టి పంగలోంచి దాటించిన మెయిన్ తాడే.

ఎన్నిసార్లు విసిరినా హుక్ కొమ్మకి పట్టట్లేదు

ఎక్కువసార్లు కారణం కొమ్మ లావు. హుక్ నోటి వెడల్పు కంటే కొమ్మ లావుగా ఉంటే గోళ్లు చుట్టూ దిగవు, బెరడు మీద గీసుకుంటూ జారొచ్చేస్తాయి, నున్న బెరడు చెట్లైతే ఇంకా త్వరగా జారతాయి. రెండో కారణం నేరుగా కొమ్మకే గురిపెట్టి విసరడం. అలా కాకుండా కొమ్మ దాటి అవతలికి పోయేలా విసిరి, నెమ్మదిగా వెనక్కి లాక్కుంటూ రండి, కొమ్మ చీలిన చోటికి వచ్చేసరికి గోళ్లు వాటంతట అవే అందులో పడతాయి. హుక్‌కి తాడు కట్టే దగ్గర చిన్న స్వివెల్, అంటే గుండ్రంగా తిరిగే లింకు పెడితే తాడులోని మెలి హుక్‌ని పక్కకి తిప్పేయకుండా ఉంటుంది.

అసలు మీ పని పైకి తాడు చేర్చడమే అయితే హుక్ పక్కన పెట్టి త్రోలైన్ వాడండి. సుమారు 2 మిల్లీమీటర్ల నున్నటి సన్న తాడు, దాని చివర 300 నుంచి 400 గ్రాముల సంచి. హుక్ పైనే తగులుకుని ఆగిపోతుంది, సంచి మాత్రం కొమ్మ దాటి తన బరువుకి తనే అవతల కిందకి దిగొస్తుంది, మనకి కావాల్సింది అదే కదా, దానికి మెయిన్ తాడు కట్టి లాక్కోవడమే. ఇక ఏది విసిరినా ముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి, మామూలు లైన్లకి కూడా 3 మీటర్ల లోపు మనం, మన తాడు, హుక్ ఏదీ పోకూడదు, వోల్టేజ్ పెరిగితే దూరం ఇంకా పెరగాలి, తడి తాడులోంచి కరెంటు పాస్ అవుతుంది.

పట్టింది అనుకున్నా, బరువు వేయగానే ఊడొచ్చేసింది

ఇది చదివేవాళ్లు దయచేసి కాస్త ఆగి చదవండి. హుక్‌కి పట్టు అంతా ఒకే వైపు ఉంటుంది. మీరు కింద నిలబడి ఏటవాలుగా లాగి చూసినప్పుడు గోళ్లు కొమ్మ వెనక గట్టిగా కూర్చుంటాయి, అబ్బ బాగా పట్టిందిలే అనుకుంటాం, తీరా మీరు కొమ్మ కిందకి వచ్చేసరికి లాగే దిశ నిలువుగా మారిపోతుంది, ఇంకాస్త పక్కకి ఊగితే పూర్తిగా తిరగబడుతుంది, ఇందాక పట్టిన గోరు ఇప్పుడు ఖాళీ. నేను ఒకసారి ఇలాగే పక్క కొమ్మకి జరుగుతూ తాడు కొంచెం లూజ్ వదిలాను, ఆ క్షణంలోనే హుక్ ఎగిరి వచ్చేసింది, పై పంగలో మెయిన్ తాడు ఉండబట్టి కాస్త ఊగి ఆగాను గానీ అది లేకపోతే నేరుగా నేల మీదే.

బెరడు చిట్లడం ఇంకో కారణం, ఎండిన కొమ్మల మీద బెరడు చెక్కకి అంటుకుని ఉండదు, పొరలా లేచిపోతుంది, దాంతోపాటే హుక్ కూడా. మూడోది హుక్ లోపమే. మడత గోళ్లు ఉన్న రకాల్లో గోళ్లని లాక్ చేసే రింగ్ వాడగా వాడగా లూజ్ అవుతుంది, వెల్డింగ్ చేసిన వాటిలో అతుకు దగ్గర సన్నటి పగులు వస్తుంది, బట్టతో తుడిచి వెలుతురులో పట్టుకుని చూస్తే గానీ కనపడదు. గోరు కాస్త వంగినా సరే సుత్తితో కొట్టి సరిచేయకండి, వంగిన ఇనుము ఆ చోట బలహీనపడిపోయి ఉంటుంది, తీసేయడమే.

చేయాల్సింది ఇది. మెయిన్ తాడు మీ తల పైన మంచి పంగలో ఉండాలి, హుక్ తాడు పక్కకి లాక్కోడానికి మాత్రమే, దాన్ని ఎప్పుడూ బిగువుగా ఉంచండి, లూజ్ అవ్వనివ్వకండి. అవతలి కొమ్మ చేరగానే ల్యాన్యార్డ్, అంటే నడుం బెల్టుకి ఉండే పొట్టి తాడు, కొమ్మకి చుట్టేసుకోండి, ఆ తర్వాతే హుక్ సంగతి. కోత కోసేటప్పుడైతే రెండు చోట్ల కట్టుకుని ఉండాల్సిందే. హుక్ కొనేటప్పుడు కూడా తయారీదారు దాన్ని చెట్టు పనికి చేశానని, ఎలా వాడాలో రాసిచ్చిన దాన్నే కొనండి, ఊరికే ఇన్ని కిలోలు ఆపుతుంది అని ఒక అంకె అచ్చేసి ఉంటే అది నిదానంగా లాగినప్పటి లెక్క, మనిషి జారినప్పుడు పడే కుదుపు లెక్క కాదు.

హుక్ పైనే ఇరుక్కుపోయింది

బలంగా గుంజకండి. గుంజితే సాగిన తాడు హుక్‌ని వెనక్కి విసురుతుంది, అది వచ్చేది సూటిగా మీ ముఖం మీదకే. ముందు తాడు లూజ్ చేసి, కెరటంలా ఊపుతూ పైకి అల పంపండి, కొమ్మకి అవతలి వైపు నడిచి అక్కడ్నుంచి లాగి చూడండి, తాడు వెళ్లే గీతలో మాత్రం ఎవరూ నిలబడకూడదు, హెల్మెట్ ఉండాల్సిందే. ఇక ముందు ఇలా జరక్కుండా, హుక్ వీపు వైపు, అంటే గోళ్లు కలిసే చోట, ఇంకో సన్న తాడు కట్టుకుని విసరండి. దాన్ని లాగితే హుక్ తలకిందులై గోళ్లు విడిపోతాయి, ఇరుక్కున్న పడవ లంగరుని విడిపించడానికి విడిగా కట్టే తాడు లాంటిదే ఇదీ.

త్రోలైన్ సంచి ఇరుక్కుంటే ఇంకా తేలిక. దాన్ని కిందకి దించగలిగితే సంచి విప్పేసి ఉత్త తాడునే లాగండి, సన్న తాడు దేన్నైనా జారి దాటుతుంది. దించలేకపోతే తాడు కాస్త బిగించి వింటినారి లాగినట్టు లాగి వదలండి, సంచి ఎగిరి బయటపడుతుంది.

ఎక్కుతుంటే కొమ్మ వంగుతోంది, చప్పుడొస్తోంది

వెంటనే దిగండి, కారణం తర్వాత చూద్దాం. తాడు ఒక కొస చెట్టు మొదలుకి కట్టి, పంగ మీదుగా దాటించి, రెండో కొస మీద ఒంటి తాడుతో ఎక్కుతున్నారా? అయితే పంగ మీద పడేది మీ బరువుకి దాదాపు రెట్టింపు. మీరు, సామాను కలిపి 90 కిలోలైతే అక్కడ 180కి దగ్గర, కొమ్మ మీద రాపిడి వల్ల కొంచెం తగ్గుతుంది గానీ మీరు ఎగిరెగిరి ఎక్కితే అంతకు మించి కూడా పడుతుంది. చాలామందికి ఈ లెక్క తెలియక, నేను 80 కిలోలే కదా ఈ కొమ్మ ఆపుతుందిలే అనుకుంటారు. పరిష్కారం, తాడుని పైనే పంగకి ఉచ్చు వేసి బిగించడం, లేదా తాడు పంగ మీదుగా తిరిగి రెండు కొసలూ మీ దగ్గరికే వచ్చి, రెండు పేటలుగా కదిలే పద్ధతిలో ఎక్కడం, రెండిట్లోనూ కొమ్మకి మీ బరువే పడుతుంది. కొమ్మ మాత్రం పచ్చిది, కనీసం 10 సెంటీమీటర్ల లావు ఉండాలి, ఎక్కేముందు ఇద్దరు కలిసి తాడు పట్టుకుని వేలాడి చూడండి.

ముడి జారుతోంది, లేదా కదలకుండా బిగుసుకుంటోంది

ఇక్కడ ముడి అంటే మెయిన్ తాడు చుట్టూ వేసేది, చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే పట్టుకుంటుంది. ప్రూసిక్, బ్లేక్, వాల్డోటేన్ అని రకాలున్నాయి, ఏదైనా ఒకటే సంగతి, ముడి తాడుకీ మెయిన్ తాడుకీ జోడీ కుదరాలి. మెయిన్ తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్లు, ముడి తాడు 8 నుంచి 10 ఉంటే సాధారణంగా కుదురుతుంది. కొత్త తాడు నున్నగా ఉండి జారుతుంది, ఒకసారి గోరువెచ్చని నీళ్లలో ఉతికి ఆరబెట్టి, అప్పటికీ జారితే ఒక చుట్టు పెంచండి. పాత తాడు ఉబ్బి పీచు లేచి ఉంటుంది కాబట్టి అదే ముడి దాని మీద బిగుసుకుపోతుంది, చుట్టు తగ్గించండి. తగ్గించిన ప్రతిసారీ నేల మీద అడుగెత్తులో బరువు వేసి పట్టుకుంటుందో లేదో చూసుకోకుండా పైకి వెళ్లకండి. ముడికి బదులు మెకానికల్ పరికరం వాడేవాళ్లు దాని మీద రాసిన తాడు సైజు చూసుకోండి, 1 మిల్లీమీటర్ తేడా వచ్చినా జారొచ్చు.

తాడు మీద గాజులా మెరిసే గట్టి మచ్చ

కరిగింది. వేగంగా దిగితే రాపిడికి ఆ వేడి వస్తుంది. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, హెచ్ఎంపీఈ రకం (డైనీమా లాంటి చాలా బలమైన ప్లాస్టిక్ పీచు) సుమారు 150 దగ్గరే కరుగుతుంది, అందుకే సన్నగా బలంగా ఉంది కదా అని దాన్ని ముడి తాడుగా వాడొద్దు, అరమిడ్ (కెవ్లార్ లాంటి, వేడి తట్టుకునే పీచు) కలిసిన ముడి తాడు తీసుకోండి. మచ్చ ముడి తాడు మీదుంటే అది మార్చేయండి, మెయిన్ తాడు మీద గట్టిపడి వంగకపోతే ఆ తాడు పని అయిపోయినట్టే.

పై తొడుగు జారి చివర సంచిలా వేలాడుతోంది

తాడు లోపలి గుజ్జు, అంటే కోర్ మీద తొడుగు జరిగింది. కొత్త తాళ్లలో ఇది మామూలే, మధ్యలోంచి చివర దాకా చేత్తో పిండినట్టు తోసుకుంటూ వచ్చి, మిగిలిన తొడుగు కోసి వేడి కత్తితో అంటించేయండి. మధ్యలో మాత్రం ఉబ్బు గానీ, మెత్తటి బోలు చోటు గానీ తగిలితే అది వేరే సంగతి, కోర్ తెగి ఉండొచ్చు, ఎక్కకండి.

ఎక్కుతుంటే తాడు రబ్బరులా సాగుతోంది

నైలాన్ ఎక్కువ ఉన్న తాడు, లేదా రాతిగోడలు ఎక్కేవాళ్లు వాడే డైనమిక్ తాడు అయ్యుంటుంది. చెట్టు పనికి తక్కువ సాగేది కావాలి, ఈఎన్ 1891 టైప్ ఏ (తక్కువ సాగే తాళ్లకి యూరప్ ప్రమాణం) అని గుర్తు ఉన్నది చూడండి, దాని సాగుదల 5 శాతం దాటకూడదు, 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,200 కిలోల బరువు ఆపాలి. నైలాన్ తడిస్తే బలం కూడా కొంత తగ్గుతుంది, పాలిస్టర్‌కి ఆ బాధ దాదాపు లేదు. ఆ 22 కూడా ఉత్త తాడు లెక్క, ముడి వేస్తే తగ్గుతుంది, ఎనిమిది ముడికి (8 అంకె ఆకారంలో వేసే ముడి) పాతిక శాతం దాకా పోతుందనుకోండి.

తాడుని బ్యాటరీ పక్కన, రంపం పెట్రోల్ పక్కన పెట్టకండి, యాసిడ్ ఆవిరి తగిలినా నైలాన్ లోపల్లోపలే చచ్చిపోతుంది, బయటికి ఏమీ కనపడదు. నీడలోనే ఆరబెట్టండి. తీసేయాలనుకున్న తాడుని మాత్రం అలాగే షెడ్డులో వేలాడదీయొద్దు, మీటరు మీటరు ముక్కలుగా కోసేయండి, లేదంటే మీకు తెలియకుండా ఎవరో ఒకరు దాంతోనే చెట్టెక్కుతారు.