ఈతాకు టోపీ అంచు పైకి లేస్తుంటే ఏం చేశానంటే

అనంతపురం ఎండకు శెనక్కాయ చేనులో నిలబడాలంటే తలమీద ఏదో ఒకటి ఉండాల్సిందే. నిరుడు ఈతాకుతో నేనే టోపీ అల్లుకున్నాను. వారానికే అల్లికలో సందులు పడ్డాయి, అంచు గిన్నెలా పైకి లేచింది.

అవ్వ చూసి నవ్వింది. “పచ్చాకు అల్లితే అంతే అబ్బీ, ఎండేకొద్దీ ముడుచుకుంటుంది.”

ఈసారి లేత ఆకు కోసి నీడలో బాగా ఆరబెట్టాను. అల్లే ముందు నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి ఉంచుకుని ఒక్కొక్కటే తీశాను. ఎండినాకు తడపకుండా మడిస్తే పుటుక్కున విరుగుతుంది, ఆ ముచ్చటా అయింది.

అంచు సంగతి అవ్వకూ తెలియదు. ఐదు పాయల జడ అల్లి, నడినెత్తి నుంచి చుట్లుగా కుట్టేటప్పుడు మొదటినుంచీ చివరిదాకా బిగించి లాగుతున్నాను. అదీ తప్పు. బయటి చుట్టుకు పొడవు చాలకే అంచు వంగుతోంది. తల చుట్టూ కిందికి దిగేచోట బిగువు కావాలి, అక్కడ తలకు సరిపడే కుండ బోర్లించి దానిమీదే కుట్టాను. అంచు మొదలవగానే జడను కొంచెం కొంచెం లోపలికి తోస్తూ వదులుగా కుట్టాను. రెండు చుట్లు విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది, చిరాకే. ఇప్పుడు నేలమీద పెడితే అంచు పలకలా ఆనుతోంది.