వృద్ధాశ్రమం ఖాళీ చేసేటప్పుడు నోటీసు రుసుముపై తగాదా వస్తే ఏం చేయాలి

వృద్ధాశ్రమంలో ఉంటున్న తల్లినో తండ్రినో వేరే చోటికి మార్చినప్పుడు, లేదా వారు అక్కడే కన్నుమూసినప్పుడు, కుటుంబం చేతికి చివరగా ఒక లెక్కల కాగితం వస్తుంది. అందులో నోటీసు పీరియడ్ (ఖాళీ చేస్తామని ముందుగా చెప్పాల్సిన గడువు) పేరిట ఒక నెల రుసుమో, రెండు నెలల రుసుమో డిపాజిట్టులోంచి మినహాయించి ఉంటే, సంతకం పెట్టిన ఒప్పందమే కదా అని ఊరుకోవలసిన పని లేదు. మన దేశ చట్టం ప్రకారం, కాగితం మీద రాసి ఉన్నంత మాత్రాన ఆ మొత్తమంతా వసూలు చేసుకునే హక్కు నిర్వాహకులకు రాదు.

ముందుగా ఒప్పంద పత్రం నకలు, కట్టిన డబ్బుకు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకచోట చేర్చుకోండి. పత్రంలో మూడు విషయాలు వెతకాలి: నోటీసు గడువు ఏ రోజు నుంచి మొదలవుతుంది, నివాసి ఆసుపత్రిలో చేరితే లేదా మరణిస్తే ఏం జరుగుతుంది, డిపాజిట్టు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మరణం గురించి పత్రంలో విడిగా ఏమీ లేకపోతే, నోటీసు షరతే దానికీ వర్తిస్తుందని మేనేజరు అనవచ్చు. ఎవరికీ ముందుగా తెలియని సంఘటనకు ముందస్తు నోటీసు ఇవ్వలేదని డబ్బు కోయడం నిలబడే వాదన కాదని నా అభిప్రాయం.

అసలు బలం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్‌లో ఉంది. ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే ఇంత చెల్లించాలని ముందే రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. నష్టాన్ని రుజువు చేయడం సాధ్యమైన చోట దాన్ని రుజువు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో స్పష్టం చేసింది. గది ఖాళీగా ఉండిపోవడమే ఇక్కడ ఆశ్రమానికి కలిగే నష్టం కాబట్టి, అది ఎన్నాళ్లు ఖాళీగా ఉందన్నదే తగాదాకు కీలకం. ఉదాహరణకు, 11వ తేదీన నివాసి వెళ్లిపోయి, 13న సామాను తీసేసి, 20న అదే గదిలోకి కొత్తవారు దిగారనుకుందాం. అప్పుడు 20వ తేదీ తర్వాతి రోజులకు పాతవారి దగ్గరా కొత్తవారి దగ్గరా రుసుము తీసుకోవడానికి సమర్థన ఉండదు. పైగా, మనిషి లేని రోజులకు భోజనం, మందులు, కేర్‌టేకర్ ఖర్చు కూడా ఆశ్రమానికి మిగులుతుంది. గది అద్దె భాగాన్ని విడదీసి లెక్క చెప్పమని అడగండి. అయితే నిర్వాహకుల వైపూ కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తే మర్నాటికల్లా మరొకరు దొరకరు కాబట్టి, కొద్ది రోజుల రుసుము అడగడం తప్పు కాదు.

అందుకే గది అప్పగించిన రోజే తాళం చెవి ఇచ్చినట్టు, సామాను తీసేసినట్టు తేదీతో రాయించుకుని సంతకం తీసుకోండి. అలా రాసివ్వడానికి వారు ఒప్పుకోకపోతే, అదే రోజు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఖాళీ గది ఫొటోతో సమాచారం పంపండి. మిగిలిన డిపాజిట్టు ఇస్తూ "ఇక ఎలాంటి బకాయిలు లేవు" అన్న కాగితం మీద సంతకం అడిగితే, "మినహాయింపుపై అభ్యంతరంతో స్వీకరించాను" అని మీ చేతిరాతతో చేర్చాకే సంతకం పెట్టండి.

సంరక్షణ సరిగా లేక ఖాళీ చేసినవారి స్థితి మరింత మెరుగు. సేవాలోపం అటువైపు ఉన్నప్పుడు నోటీసు రుసుము అడిగే అర్హత బలహీనపడుతుంది. ఒంటి మీద పడ్డ పుండ్ల ఫొటోలు, డాక్టరు రాసిన చీటీలు, అంతకుముందు తేదీలతో పంపిన ఫిర్యాదులు ఇక్కడ పనికొస్తాయి. వెళ్లిపోయాక మొదటిసారి చేసిన ఫిర్యాదుకు అంత విలువ ఉండదు.

తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. కట్టిన డిపాజిట్టు, గది అప్పగించిన తేదీ, మినహాయించిన మొత్తం, మీరు ఒప్పుకునే మొత్తం, తిరిగి రావలసిన మొత్తం అందులో ఉంటే చాలు, కోపతాపాలు అక్కర్లేదు. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

అదీ ఫలించకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, మీరు నివసించే జిల్లాలోనే, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. నివాసి మరణించి ఉంటే చట్టబద్ధ వారసులు వేయవచ్చు. నష్టంతో పొంతన లేని జరిమానా, మితిమీరిన డిపాజిట్టు వంటి షరతులను ఈ చట్టం "అన్యాయమైన ఒప్పందం" కింద చేర్చింది. కాకపోతే ఆ షరతునే కొట్టివేయమని కోరాలంటే జిల్లా కమిషన్‌కు కాక రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. డబ్బు తిరిగి వస్తే చాలనుకునేవారికి సేవాలోపం పేరిట జిల్లా కమిషనే సులువు.

పూర్తి ఉచితంగా నడిచే ధర్మాశ్రమాల మీద ఈ చట్టం పనిచేయదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఉన్న ట్రిబ్యునల్‌కు వెళ్లమని కొందరు సలహా ఇస్తుంటారు గానీ, అది పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించడం వంటి పనులకే తప్ప ఆశ్రమం రుసుముల లెక్క తేల్చడానికి కాదు.

కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపితే కాదనకండి. గది నిజంగా ఖాళీగా ఉన్న రోజుల లెక్క మీదే బేరం సాగించి, కుదిరిన మొత్తాన్నీ చెల్లించే తేదీనీ ఒప్పంద పత్రంలో రాయించుకోండి.