ఓడ ఊగే రాత్రికి ముందే

"ఈ రాత్రి అలలు కాస్త పెద్దవిగా ఉంటాయి" అని కెప్టెన్ మైకులో చెప్పాడంటే, ఆయన భాషలో 'కాస్త' అంటే చాలానే అని అర్థం చేసుకోండి. ఓడ ఊగుడుకి వచ్చే వాంతులు ఆపే మాత్ర వేసుకోవాల్సింది అప్పుడే. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది వాంతిలో పోతుంది. మెక్లిజిన్ లాంటి మాత్ర గంట ముందు వేసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ మందు ప్యాచ్ పనిచేయడం మొదలవ్వాలంటే కనీసం 4 గంటలు కావాలి, ఒకటి 3 రోజులు పనిచేస్తుంది. అది ముట్టుకున్న చేత్తో కన్ను నలిపితే చూపు మసకబారుతుంది, చేతులు కడుక్కోండి. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే ఏదైనా వాడాలి. వీటితో మత్తుగా ఉంటుంది, పైన మద్యం వద్దు.

గది బుక్ చేసేటప్పుడే సగం జాగ్రత్త పడొచ్చు. ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఊగుడు తక్కువ. ఎక్కువ డబ్బు పోసి పై అంతస్తు కొసన గది తీసుకోవడమంటే ఊగుడు కొనుక్కోవడమే, నన్నడిగితే. అడుగున ఉండే స్టెబిలైజర్ రెక్కలు పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి గానీ, ముందూ వెనకా లేచిపడటాన్ని పెద్దగా ఆపలేవు.

తల తిరిగేది లోపలి చెవి ఒకటి చెబితే కళ్లు మరొకటి చెప్పడం వల్ల. అందుకే ఫోన్ పక్కన పెట్టి, కిటికీలోంచి నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూడండి. కుదరకపోతే పడుకుని కళ్లు మూసుకోండి. కడుపు ఖాళీగా ఉంచొద్దు, రెండు బిస్కెట్లు తిన్నా చాలు.

అందరికీ ఓడ మునుగుతుందేమోనన్న టెన్షనే. నా భయం మాత్రం బాత్‌రూమ్ గడప మీద. కాలు తగిలి పడేది అక్కడే, పైగా నేల తడి. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీదే ఉండాలి. రెండు చేతుల్లో కాఫీ కప్పులు పట్టుకుని మెట్లు దిగొద్దు. తలుపు సందులో వేళ్లు పెట్టొద్దు, ఓడ ఒరిగితే బరువైన తలుపు ఒక్కసారిగా పడుతుంది. బాల్కనీ తలుపు గడియ వేసి, బల్ల మీది సీసాలు, గ్లాసులు నేలమీద మూలకు సర్దేయండి. డెక్ మూశారంటే ఫొటో కోసం కూడా బయటికి వెళ్లొద్దు.

ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే మొదటిరోజు డ్రిల్ చాలామందికి విసుగు. ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే అది అత్యవసర సంకేతం. లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూసుకుని, గదినుంచి మీ మస్టర్ స్టేషన్ (అత్యవసరంలో మీరు చేరాల్సిన చోటు) దాకా లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీదుగా ఒకసారి నడవండి, పిల్లల్ని ముందు నడిపించి.